మిగిలిన దాంట్లో ఏముంది? రిగ్రెషన్ లెక్కల్లో అసమ చెదురును పట్టుకోవడం

సెమినార్లకు వెళ్లే మిత్రులకు ఈ సన్నివేశం కొత్తది కాదు. ఒక పరిశోధకుడు తెర మీద పట్టిక పెడతాడు. ఎడమ పక్క చదువు, వయసు, అనుభవం, ఊరా పట్నమా, చిట్టచివర కులం. కుడి పక్క అంకెలు. చదువు పక్కన మూడు నక్షత్రాలు, అనుభవం పక్కన రెండు. కులం పక్కన ఏమీ ఉండదు. "కులం ప్రభావం గణాంకపరంగా రుజువు కాలేదు" అని ఒక వాక్యం చదివి ఆయన తర్వాతి పట్టికకు వెళ్లిపోతాడు. హాల్లో తలలు ఊగుతాయి. వెనక వరసల్లో కూర్చున్న మనవాళ్లలో కొందరు మౌనంగా ఉండిపోతారు. కొందరు బయటికొచ్చి టీ దగ్గర "లెక్కలన్నీ వాళ్లవే గదా, వాళ్లకు కావలసిందే చెప్తాయి" అని సరిపెట్టుకుంటారు.

ఈ రెండూ మాకు సరిపడవు. అంకెల్ని ఇతరులకు వదిలేసే అలవాటు మన సంప్రదాయంలో లేదు. అంబేడ్కర్ 1918లో దేశంలోని చిన్న కమతాల మీద వ్యాసం రాసినప్పుడు, కమతం విస్తీర్ణం ఒక్కటే చూసి ఇది గిట్టుబాటు, ఇది కాదు అని తేల్చడం కుదరదని, దాని వెంట పెట్టుబడి ఎంత, శ్రమ ఎంత అని అడగాలని వాదించారు. పట్టిక చూసి నోరు మూసుకోవడం గానీ పట్టికను చించేయడం గానీ ఆయన చేయలేదు. పట్టిక ఏ ఊహ మీద నిలబడిందో అడిగారు. కులం పక్కన నక్షత్రం ఎందుకు రాలేదో అడగాలంటే మనం కూడా ఆ పట్టిక కింద ఉన్న ఊహల్లోకి దిగాలి. అందులో ఒక ఊహ గురించే ఈ వ్యాసం.

ఒక మాట ముందే చెప్పాలి. మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. 'హోమోసెడాస్టిసిటీ' అనే మాట ఎం.ఏ. రెండో ఏట పాఠ్యపుస్తకంలో ఊహల జాబితాలో ఒక పంక్తిగా కనపడింది. బట్టీ పట్టాం, పరీక్షలో రాశాం, మార్కులు వచ్చాయి. అది మా బతుకుల గురించి ఏమన్నా చెప్తుందని అప్పుడు మాకు తోచలేదు. కాబట్టి ఇక్కడ గణితం తక్కువగా, కూడికలు తీసివేతలు ఎక్కువగా చెప్తాం. వర్గమూలం తీయడం వచ్చిన ఎవరైనా కాగితం మీద చేసి చూసుకోవచ్చు.

ముందు మాటలు. రిగ్రెషన్ అంటే, ఒక మనిషి ఆదాయాన్ని అతని చదువు, అనుభవం, కులం వంటి వాటితో ఎంతవరకు చెప్పగలం అని ఒక గీత గీయడం. గీత చెప్పిన ఆదాయానికీ, ఆ మనిషికి నిజంగా వచ్చే ఆదాయానికీ మధ్య ఉండే తేడాను 'మిగులు' అందాం. లెక్కలోకి రానిదంతా ఈ మిగులులో ఉంటుంది: అదృష్టం, పరిచయాలు, మేస్త్రీ దయ, ఇంటర్వ్యూలో అడిగిన ఇంటిపేరు. మిగుళ్లు కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. అవి గీతకు అటూ ఇటూ ఎంత దూరం పరుచుకున్నాయో చెప్పే కొలతను తెలుగు అకాడమీ పుస్తకాలు 'విస్తృతి' అంటాయి. మేం 'చెదురు' అంటున్నాం. ఈ మాటకు ఒక ఆధారం ఉంది. హెటెరోసెడాస్టిసిటీ అనే నోరు తిరగని మాటలో రెండో సగం గ్రీకులో చెదరగొట్టడం అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది, మొదటి సగానికి 'వేరు' అని అర్థం. అంటే వేరువేరు చెదురు. మన మాట మూలానికి దగ్గరగానే ఉంది.

సాధారణ రిగ్రెషన్ లెక్క అందరి చెదురూ ఒకటే అనుకుంటుంది. చదువు లేని మనిషి మిగులూ, పీజీ చదివిన మనిషి మిగులూ, దళితుడి మిగులూ, అగ్రకులస్థుడి మిగులూ ఒకే వెడల్పున్న సంచిలోంచి తీసినట్టు భావిస్తుంది. ఊరు తెలిసినవాళ్లు ఎవరైనా ఇది విని నవ్వుతారు. వరినాట్ల కాలంలో ఊళ్లో ఒక రేటు నడుస్తుంది. వాడలో పది ఇళ్లు తిరిగి ఆడవాళ్ల కూలి ఎంత అని అడగండి, పది చోట్లా దాదాపు ఒకే అంకె వస్తుంది. ఆ రేటు ఎవరి చదువును బట్టీ ఎవరి నేర్పును బట్టీ మారదు. అదే పట్నంలో ఉద్యోగుల కాలనీకి వెళ్లి పది ఇళ్లు అడగండి. గుమస్తా జీతం, ఇంజనీరు జీతం, కాంట్రాక్టు లెక్చరర్ జీతం, అమెరికా నుంచి కొడుకు పంపే డబ్బు, అద్దెలు. ఒక ఇంటి అంకెకూ పక్కింటి అంకెకూ పొంతన ఉండదు. కూలి రేటు ఎక్కడ కట్టడి చేయబడిందో అక్కడ చెదురు సన్నం. ఎక్కడ దారులు ఎక్కువ తెరుచుకుని ఉన్నాయో అక్కడ చెదురు వెడల్పు. ఈ ఊహ తప్పినప్పుడు మన దగ్గర తప్పేది సాంకేతిక నియమం ఒక్కటే అనుకోకూడదు, సమాజం గురించిన ఒక వాస్తవమూ లెక్కలోంచి జారిపోతుంది.

ఊహ తప్పితే ఏమవుతుంది? గుణకం, అంటే 'ఒక ఏడాది చదువుకు ఇంత, కులానికి ఇంత' అనే అంకె, సగటున సరిగ్గానే ఉంటుంది. చెడిపోయేది దాని పక్కన బ్రాకెట్లో వేసే ప్రామాణిక దోషం. నక్షత్రం పుట్టేది ఆ బ్రాకెట్లోంచే. గుణకాన్ని ప్రామాణిక దోషంతో భాగిస్తే టీ విలువ వస్తుంది, అది సుమారు 2 దాటితే నక్షత్రం. బ్రాకెట్ తప్పయితే నక్షత్రమూ తప్పే.

ఎంత తప్పు? ఇది చూపడానికి ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకుందాం. ఇవి ఏ సర్వే అంకెలూ కావు, లెక్క అర్థం కావడానికి మేం కూర్చినవి. ఒక కంపెనీలో 100 మంది పట్టభద్రులు. 90 మంది ఇతరులు, 10 మంది దళితులు. ఇతరుల రోజు ఆదాయాల ప్రామాణిక విచలనం 400 రూపాయలు, దళితులది 100 రూపాయలు. దళితులంతా కింది మెట్టులోనే కుక్కబడి ఉన్నారు కాబట్టి వాళ్ల చెదురు చిన్నది. రెండు సగటుల మధ్య తేడా 150 రూపాయలు.

సాధారణ రిగ్రెషన్ ఏం చేస్తుందంటే ఇద్దరి చెదురునూ ఒక కుప్పలో పోస్తుంది. 89 సార్లు 1,60,000, 9 సార్లు 10,000, కలిపి 98తో భాగిస్తే సుమారు 1,46,224. కుప్పలో తొంభై మంది వాటాయే ఎక్కువ కాబట్టి కుప్ప వాళ్ల చెదురులాగే ఉంటుంది. దీన్ని (1/90 + 1/10)తో గుణించి వర్గమూలం తీస్తే ప్రామాణిక దోషం 127.5. టీ విలువ 150/127.5, అంటే 1.18. నక్షత్రం లేదు. "కులం ప్రభావం రుజువు కాలేదు."

ఇప్పుడు ఎవరి చెదురు వాళ్ల ఖాతాలో వేద్దాం. 1,60,000ను 90తో భాగిస్తే 1,778. 10,000ను 10తో భాగిస్తే 1,000. కలిపి వర్గమూలం తీస్తే 52.7. టీ విలువ 150/52.7, అంటే 2.85. అవే మనుషులు, అవే రూపాయలు, అదే తేడా. నక్షత్రం వచ్చింది. మొదటి లెక్కలో జరిగింది ఏమిటంటే పది మంది దళితుల సగటు ఎంత నికరమైనదో కొలవడానికి తొంభై మంది ఇతరుల ఆదాయాల చెదురును అప్పు తెచ్చి వాడారు.

ఇక్కడే ఆగిపోతే మనకు సంతోషంగా ఉంటుంది. కానీ ఆగకూడదు. అంకెల్ని తిరగేయండి. పది మంది దళితుల విచలనం 400, తొంభై మందిది 100 అనుకోండి. కుప్ప లెక్క ప్రామాణిక దోషాన్ని 51.4 అంటుంది, టీ 2.92, నక్షత్రం వస్తుంది. ఎవరి ఖాతా వాళ్లకు వేస్తే ప్రామాణిక దోషం 126.9, టీ 1.18, నక్షత్రం పోతుంది. అంటే ఇదే తప్పు మన వాదనకు అనుకూలంగానూ పనిచేస్తుంది. చిన్న గుంపు చెదురు చిన్నదైతే నిజమైన తేడా దాగిపోతుంది. చిన్న గుంపు చెదురు పెద్దదైతే లేని నిబ్బరం వస్తుంది. రెండు గుంపులూ చెరి 50 మందైతే రెండు లెక్కలూ ఒకే ప్రామాణిక దోషాన్ని ఇస్తాయి, ఏ గొడవా లేదు. సంఖ్యలు అసమానంగా ఉన్నప్పుడే ప్రమాదం. పట్టభద్రుల శాంపిల్లో, పెద్ద జీతాల శాంపిల్లో దళితులు ఎప్పుడూ కొద్దిమందే. కాబట్టి ఈ ప్రశ్న మనకు ప్రతిసారీ ఎదురవుతుంది.

మన దేశంలో ఈ రకం సమీకరణాలు చాలా ఏళ్లుగా రాస్తున్నారు. ఢిల్లీ కార్మికుల వేతనాల్లో కుల వివక్ష మీద బెనర్జీ, నైట్ 1985లో వ్యాసం ప్రచురించారు. మాధేశ్వరన్, అట్వెల్ 2007లో జాతీయ నమూనా సర్వే అంకెలతో పట్టణ జీతగాళ్లను పరిశీలించి, సమానమైన అర్హతలున్న ఇతరులతో పోలిస్తే వివక్ష వల్ల ఎస్సీ ఎస్టీల వేతనం 15 శాతం తక్కువగా ఉందని, ఇది ప్రైవేటు రంగంలో ఎక్కువని తేల్చారు. ఇలాంటి పనుల్లో ఒహాకా, బ్లైండర్ 1973లో విడివిడిగా చూపిన పద్ధతిలో రెండు గుంపులకు రెండు వేరు సమీకరణాలు రాస్తారు. దాని ఉద్దేశం వేరే అయినా ఒక మేలు జరుగుతుంది, రెండు గుంపుల చెదురును ఒకటిగా కలపాల్సిన అవసరం రాదు. మేం భయపడేది వీటి గురించి కాదు. ఒకే సమీకరణంలో కులాన్ని ఒక 0-1 చలరాశిగా పెట్టి, వంద రెండు వందల మంది శాంపిల్‌తో నడిచే పీహెచ్‌డీ లెక్కల గురించి. అంటే మనం చేసేవాటి గురించి.

సరే, చెదురు సమానమో కాదో తెలుసుకోవడం ఎట్లా? మొదట బొమ్మ గీయాలి. అడ్డంగా చదువు ఏళ్లు, నిలువుగా మిగులు. చుక్కలు ఒకే వెడల్పు పట్టీలాగ పరుచుకుంటే ఫర్వాలేదు. ఎడమ నుంచి కుడికి విసనకర్రలాగ విచ్చుకుంటే అనుమానించాలి. కంప్యూటర్ వచ్చాక ఈ బొమ్మ గీయడానికి క్షణం పట్టదు, అయినా మేం చూసిన థీసిస్‌లలో అది ఉన్నవి అరుదు. పట్టిక ముద్రిస్తే పని అయిపోయిందనుకుంటున్నాం.

బొమ్మ కంటికి తోచేది. ఎదుటివాళ్లు ఒప్పుకోవాలంటే పరీక్ష కావాలి. మళ్లీ మేం కూర్చిన చిన్న ఉదాహరణే. 12 మంది. చదువు లేని ముగ్గురి రోజు కూలి 390, 400, 410. ఐదో తరగతి వాళ్లు ముగ్గురు: 480, 500, 520. పదో తరగతి ముగ్గురు: 560, 600, 640. డిగ్రీ, అంటే 15 ఏళ్ల చదువు, ముగ్గురు: 620, 700, 780. వీటికి గీత గీస్తే కూలి 400తో మొదలై ఏడాదికి 20 రూపాయలు పెరుగుతుంది. మిగుళ్లు చూడండి: చదువు లేనివాళ్లకు 10 అటూ ఇటూ, ఐదో తరగతికి 20, పదికి 40, డిగ్రీకి 80.

గోల్డ్‌ఫెల్డ్, క్వాండ్ట్ అనే ఇద్దరు 1965లో చెప్పిన పద్ధతి అన్నిటికన్నా సులువు. శాంపిల్‌ను చదువు ప్రకారం వరసగా నిలబెట్టి రెండుగా విడగొట్టు, రెండు సగాలకూ వేరువేరు గీతలు గీయి, మిగుళ్ల వర్గాలు కూడి పోల్చు. పెద్ద శాంపిల్ అయితే నడిమి కొందరిని వదిలేస్తే తేడా స్పష్టంగా కనపడుతుంది. మన 12 మందిలో కింది ఆరుగురి మిగుళ్ల వర్గాల మొత్తం 1,000. పై ఆరుగురిది 16,000. రెండు పక్కలా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 4 చొప్పున. నిష్పత్తి 16. ఎఫ్ పట్టికలో 5 శాతం దగ్గర హద్దు 6.39. దాటింది. చెదురు సమానం అనే శూన్య పరికల్పనను తోసిపుచ్చాలి.

దీని ఇబ్బంది ఏమిటంటే ఏ వరసలో నిలబెట్టాలో ముందే తెలియాలి. చదువూ అనుభవమూ కులమూ కలిసి చెదురును మారుస్తుంటే ఒక్క వరస సరిపోదు. ట్రెవర్ బ్రూష్, ఏడ్రియన్ పేగన్ 1979లో ఇచ్చిన పరీక్ష దీన్ని దాటుతుంది. ఆలోచన ఇది: మిగులును వర్గం చేస్తే ఆ మనిషి దగ్గర చెదురు ఎంతో ఒక ముతక అంచనా దొరుకుతుంది. ఆ వర్గాలనే కొత్త ఫలితంగా పెట్టి, చదువు, కులం మీద ఇంకో రిగ్రెషన్ నడుపు. అవి మిగులు వర్గాలను ఏమాత్రం చెప్పగలిగినా చెదురు సమానం కాదన్నట్టే.

ఈ పరీక్ష వెనక తెలుగువాళ్లకు తెలిసిన పేరు ఒకటుంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా గణాంక సంస్థకు వెళ్లిన సి.ఆర్. రావు 1948లో 'స్కోర్' పరీక్ష అనే సాధారణ సూత్రం ప్రతిపాదించారు. సంక్లిష్టమైన నమూనాను లెక్కించకుండానే, సులువైన నమూనా దగ్గర నిలబడి అది ఎటు ఒరుగుతోందో చూసి దాన్ని పరీక్షించే మార్గం అది. బ్రూష్, పేగన్‌ల పరీక్ష ఆ సూత్రానికి ఒక అన్వయం. రావు 1970లో అసమ చెదురును అంచనా వేయడం మీద కూడా రాశారు. 2023లో మరణించారు. ఆయన పేరు మన రాష్ట్రాల్లో సన్మాన సభల్లో వినపడినంతగా తరగతి గదుల్లో వినపడదు.

మన 12 మందికి ఈ లెక్క చేద్దాం. మిగులు వర్గాలు: చదువు లేనివాళ్లకు 100, 0, 100. ఐదుకు 400, 0, 400. పదికి 1,600, 0, 1,600. డిగ్రీకి 6,400, 0, 6,400. వీటిని చదువు మీద రిగ్రెషన్ చేస్తే ఏడాదికి 268 చొప్పున పెరుగుతున్నాయి. ఈ రెండో రిగ్రెషన్ ఆర్ స్క్వేర్ 0.4255. దాన్ని మనుషుల సంఖ్య 12తో గుణిస్తే 5.11. కై స్క్వేర్ పట్టికలో ఒక డిగ్రీకి 5 శాతం హద్దు 3.84. దాటింది. ఇట్లా ఆర్ స్క్వేర్‌ను సంఖ్యతో గుణించే రూపం కోయెంకర్ 1981లో చేసిన సవరణ. మొదటి రూపంలో అయితే విలువ 6.71 వస్తుంది. మొదటి రూపం మిగుళ్లు నార్మల్ పంపిణీలో ఉన్నాయని నమ్ముతుంది. ఆదాయాల విషయంలో అది నమ్మదగ్గది కాదు, ఒకరిద్దరు ధనవంతులు తోకను లాగేస్తారు. మేం కోయెంకర్ రూపాన్నే వాడమంటాం. సాఫ్ట్‌వేర్ ఏ రూపం ఇస్తోందో చూసుకోండి, కొన్ని అడగకపోతే పాత రూపాన్నే ఇస్తాయి.

హాల్బర్ట్ వైట్ 1980లో ఇచ్చిన పరీక్ష ఇంకా విశాలం. చలరాశులతో పాటు వాటి వర్గాలు, ఒకదానితో ఒకటి గుణించిన లబ్ధాలు కూడా రెండో రిగ్రెషన్లో పెడతారు. ఏ ఆకారంలో చెదురు మారినా పట్టుకోవాలని ఉద్దేశం. కానీ చలరాశులు ఆరుంటే లబ్ధాలతో కలిపి జాబితా ఇరవై దాటుతుంది. వంద మంది శాంపిల్‌తో అంత వల వేస్తే వల బరువుకే చేప తప్పించుకుంటుంది.

ఇక్కడ మన విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. పరీక్ష హద్దు దాటకపోతే "చెదురు సమానమని తేలింది" అని రాస్తారు. తేలలేదు. అసమానమని చూపడానికి ఈ శాంపిల్ చాల్లేదు, అంతే. శాంపిల్లో దళితులు పది మంది ఉంటే వాళ్ల చెదురు గురించి ఏ పరీక్షైనా గట్టిగా మాట్లాడలేదు. "కులం ప్రభావం రుజువు కాలేదు" అన్న వాక్యాన్ని "కులం ప్రభావం లేదు" అని చదివేవాళ్ల మీద మనకు కోపం వస్తుంది గదా. అదే తప్పు మనం ఇక్కడ చేస్తున్నాం. అందుకే లాంగ్, ఎర్విన్ 2000లో, ముందు పరీక్ష చేసి ఆ తర్వాత దిద్దుబాటు చేయాలా వద్దా అని నిర్ణయించుకునే పద్ధతిని మానుకోమన్నారు. దిద్దిన ప్రామాణిక దోషాన్ని ఎట్లాగూ వాడండి, 250 మందికి లోపు శాంపిల్ అయితే హెచ్‌సీ-3 అనే రూపాన్ని వాడండి అన్నారు.

ఆ దిద్దుబాటు ఏమిటో చూద్దాం. ఐకర్, హ్యూబర్ 1960లలో వేసిన పునాది మీద వైట్ 1980లోనే దీన్నీ ఇచ్చాడు. అందరికీ ఒకే చెదురు అని పంచకుండా, ప్రతి మనిషికీ అతని సొంత మిగులు వర్గాన్నే అతని చెదురుగా లెక్కలో వేస్తారు. మన 12 మందిలో చదువు గుణకానికి సాధారణ ప్రామాణిక దోషం 2.13. వైట్ దిద్దుబాటుతో 2.32, దాన్ని చిన్న శాంపిల్ కోసం 12/10తో సవరిస్తే 2.54. ఇక్కడ నక్షత్రం మారదు, గుణకం 20 గనక. తొంభై-పది ఉదాహరణలో మాత్రం అంతా మారిపోయింది. హెచ్‌సీ-3 ఎందుకంటే చిన్న గుంపులోని మనిషి గీతను తన వైపు లాక్కుంటాడు. పది మంది గుంపులో ఒక్కొక్కరూ తమ సగటును పదో వంతు లాగుతారు, దాంతో వాళ్ల మిగులు ఉండాల్సినదానికన్నా చిన్నగా కనపడుతుంది. హెచ్‌సీ-3 ఆ మిగులును 9/10తో భాగించి పెంచుతుంది. తొంభై మంది గుంపులో ఈ సవరణ లెక్కలోకి రానంత చిన్నది. ఒకే ఊరి మనుషులను గుంపుగా తీసుకుంటే వాళ్ల మిగుళ్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, దానికి ఈ మందు పనిచేయదు, ఊరిని క్లస్టర్‌గా పెట్టి లెక్కించాలి. అది వేరే కథ.

ప్రామాణిక దోషం దిద్దేస్తే అంతా సరిపోయిందనుకోవడం ఇంకో ప్రమాదం. చెదురు అసమానంగా ఉందంటే చాలాసార్లు నమూనాలో ఏదో వదిలేశామని అర్థం. కూలిని రూపాయల్లో కాక లాగరిథంలో తీసుకుంటే విసనకర్ర మూసుకుంటుందని పుస్తకాలు చెప్తాయి. చాలాసార్లు నిజమే. మన 12 మందిలో చూడండి: 400కు 10 అంటే 2.5 శాతం, 500కు 20 అంటే 4 శాతం, 600కు 40 అంటే 6.7, 700కు 80 అంటే 11.4. శాతాల్లో చూసినా విచ్చుకుంటూనే ఉంది. అప్పుడు అడగాలి: డిగ్రీ చదివిన ముగ్గురిలో 620కీ 780కీ మధ్య ఏముంది?

ఉద్యోగం వచ్చిందా రాలేదా, పిలుపు వచ్చిందా రాలేదా అని అవును-కాదు జవాబులతో నడిచే లెక్కల్లో ఈ గొడవ ఇంకా లోతు. అక్కడ అసమ చెదురు ప్రామాణిక దోషాన్ని మాత్రమే కాదు, గుణకాన్నే చెడగొడుతుంది. రెండు గుంపుల లాజిట్ గుణకాలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఎంత మోసకరమో ఆలిసన్ 1999లో చూపాడు. తోరట్, అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం మనలో చాలామందికి తెలుసు. ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి ఎవరికి పిలుపు వస్తోందో చూశారు. ఇలాంటి ప్రయోగాల మీద అమెరికాలో హెక్‌మన్, సీగెల్‌మన్ 1993లోనే ఒక అభ్యంతరం లేవనెత్తారు. కాగితం మీద రెండు దరఖాస్తులూ సమానమే అయినా, కాగితం మీద కనపడని సామర్థ్యం ఒక గుంపులో ఎక్కువ చెదిరి ఉందని యజమాని అనుకుంటే, ఆ ఒక్క కారణంతోనే పిలుపుల్లో తేడా రావచ్చు, లేదా ఉన్న తేడా మాయం కావచ్చు అని. రెండు వైపులా అని గమనించండి. దరఖాస్తుల్లో అర్హతలను కూడా కావాలని ఎక్కువ తక్కువ చేసి పంపితే ఈ చిక్కును విప్పవచ్చని న్యూమార్క్ 2012లో దారి చూపాడు. మన దగ్గర ఇలాంటి ప్రయోగం మళ్లీ చేసేవాళ్లు ప్రయోగం మొదలు కాకముందే దీన్ని అమర్చుకోవాలి, తర్వాత దిద్దడం కుదరదు. యజమాని మనసులో "వీళ్లలో ఎవరు ఎట్లాంటివాళ్లో చెప్పలేం" అనే భావం ఉంటే దాన్ని వివక్ష అనకుండా 'చెదురు' అని పిలవాలా అనే ప్రశ్న మాకుంది. గణాంకం ఆ రెంటినీ విడదీయగలదు, ఏది న్యాయమో చెప్పలేదు.

చివరిగా మా సంగతి. ఎం.ఫిల్. కోసం మేం ఒక పట్నంలో పట్టభద్రుల ఆదాయాల మీద చిన్న సర్వే చేశాం. మొదటిసారి రిగ్రెషన్ నడిపినప్పుడు కులం గుణకం పక్కన రెండు నక్షత్రాలు వచ్చాయి. అధ్యాయం పేరు కూడా రాసేసుకున్నాం. ఆ రోజు హాస్టల్లో మిత్రులకు టీ కూడా పోయించాం. మౌఖిక పరీక్షకు ముందు ఒక సీనియర్ మిగుళ్ల బొమ్మ అడిగారు. గీశాం. శాంపిల్లో కొద్దిమందే ఉన్న మన పట్టభద్రుల చుక్కలు పైనుంచి కింద దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. బ్రూష్-పేగన్ హద్దు దాటింది. హెచ్‌సీ-3 వేస్తే నక్షత్రాలు రెండూ పోయాయి. పైన చెప్పిన రెండో ఉదాహరణ మాదే.

రెండు రోజులు ఏమీ తోచలేదు. ఆ బొమ్మ దాచేసి పాత పట్టికతో వెళ్లిపొమ్మని సలహా ఇచ్చినవాళ్లున్నారు, మన పక్షాన ఉన్నవాళ్లే. మేం అట్లా చేయలేదు. చేస్తే, రేపు ఎదుటివాళ్లు వాళ్ల పట్టికలో అదే చేసినప్పుడు అడిగే నోరు మాకుండదు. పట్టికలో రెండు ప్రామాణిక దోషాలూ పక్కపక్కన వేశాం, గుంపుల వారీగా మనుషుల సంఖ్య, మిగుళ్ల విచలనం కింద రాశాం. తర్వాత మిగులు అన్నిటికన్నా ఎక్కువగానూ అన్నిటికన్నా తక్కువగానూ ఉన్న నలుగురి ప్రశ్నావళులు తీసి మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాం. నలుగురివీ ఇంచుమించు ఒకే మార్కులు, ఒకే రకం డిగ్రీ. పైనున్న ఇద్దరికి రిజర్వేషన్ కింద పర్మినెంటు ప్రభుత్వ ఉద్యోగాలు వచ్చాయి. కిందున్న ఇద్దరూ అవే పోస్టుల పని కాంట్రాక్టు మీద చేస్తున్నారు, ఒకాయన పదకొండు నెలలకోసారి ఉత్తర్వు తెచ్చుకుంటున్నాడు. మా ప్రశ్నావళిలో 'ఉద్యోగం' అని ఒక గడి ఉంది. అది పర్మినెంటా, కాంట్రాక్టా, అవుట్‌సోర్సింగా అని అడిగే గడి లేదు. ఆ సాయంత్రమే దాన్ని చేర్చి, మిగతా అందరి ఇళ్లకూ మళ్లీ తిరగడం మొదలుపెట్టాం.